యంత్రం వ్రాసిన పద్దు

పూర్వం మన వర్తకులు కొత్త లెక్కల పుస్తకానికి పసుపు కుంకుమలద్ది, మొదటి పుటలో ‘శ్రీ’ వ్రాసి గాని పద్దులు ప్రారంభించేవారు కారు. లెక్కను లక్ష్మితో సమానంగా భావించిన సంప్రదాయమది. నేడు ఆ పుస్తకం స్థానాన్ని కంప్యూటర్ ఆక్రమించింది. 1986లో ఆరంభమైన ఒక భారతీయ సంస్థ రూపొందించిన ‘టాలీ’ చిన్న పట్టణాల దుకాణాలలోకి సైతం ప్రవేశించింది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన పిమ్మట ఇటువంటి సాఫ్ట్‌వేర్ అవసరం మరింత పెరిగింది. అయితే సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన లెక్క చక్కబడుతుందా? యజమాని ప్రతిదినం దాని ముందు కూర్చోనిదే చక్కబడదని నా అభిప్రాయం.

యంత్రం చేసే మేలు తక్కువదేమీ కాదు. 1494లో వెనిస్ నగరంలో ముద్రితమైన తన గ్రంథంలో లూకా పాసియోలీ వివరించిన జంటపద్దు విధానమే నేటి సాఫ్ట్‌వేర్‌కూ పునాది. బిల్లును ఒక్కసారి నమోదు చేస్తే చిట్టా, ఆవర్జా, అంకణా వాటంతట అవే సిద్ధమవుతాయి. కూడికలలో పొరపాట్లకు, ఆవర్జాలోకి ఎత్తి వ్రాయడంలో దొర్లే దోషాలకు తావుండదు.

కాని అంకణా సరిపోయినంత మాత్రాన లెక్క సత్యమని చెప్పలేము. ఒక దుకాణానికి వెంకటేశ్వరరావు అనే పేరుగల ఖాతాదారులు ఇద్దరున్నారనుకుందాం. ఒకరు చెల్లించిన 10,000 రూపాయలను గుమాస్తా రెండవవారి ఖాతాలో జమ చేస్తే అంకణా చక్కగా సరిపోతుంది. యంత్రం మౌనంగా ఉంటుంది. కట్టినవాణ్ణి మళ్ళీ బాకీ అడిగిన నాడు దుకాణం మాట పోతుంది. కట్టనివాడు నిశ్చింతగా ఉంటాడు. ఆ ఇద్దరిలో డబ్బు తెచ్చింది ఎవరో ఎరిగినవాడు యజమాని ఒక్కడే.

చాలామంది చిన్న వ్యాపారులు నెలంతా బిల్లులను ఒక సంచిలో వేసి, చివర వచ్చే గుమాస్తాకు అప్పగిస్తారు. రిటర్ను గడువు తప్పకుండా ఈ పద్ధతి ఉపకరిస్తుందేమో గాని, వ్యాపారం ఎటు పోతున్నదో తెలియజేయదు. ఒక నెలలో 5 లక్షల రూపాయల అమ్మకం జరిగి, సరుకు ఖరీదు, ఖర్చులు పోను 40 వేలు లాభం వచ్చిందనుకుందాం. అందులో 2 లక్షల సరుకు అరువుగా పోయింది. అప్పుడు పెట్టెలోకి వచ్చినది 3 లక్షలు. సరుకును నగదుకే కొన్నట్లయితే బయటికి పోయినది 4 లక్షల 60 వేలు. లాభాన్ని చూసి సంతోషించిన వర్తకుడు మరుసటి నెల సరుకుకు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కవలసి వస్తుంది. ఎవరి బాకీ ఎన్ని రోజులుగా నిలిచి ఉన్నదో చూపే పట్టిక సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నది. దానిని తెరిచి చూసేవారే అరుదు!

పన్ను విషయమూ అటువంటిదే. సరుకు అమ్మినవాడు తన రిటర్నులో చూపని బిల్లుపై, కొన్నవాడు తాను కట్టిన పన్నును తగ్గించుకొనే వీలు 2022 జనవరి 1 నుండి లేదు. లక్ష రూపాయల సరుకుపై 18 శాతం చొప్పున 18,000 రూపాయలు చిక్కుకొనిపోతాయి. కొనుగోళ్ళను జీఎస్టీఆర్-2బి పట్టికతో నెలనెలా సరిచూచినవాడు, అమ్మినవానిని సకాలంలో నిలదీయగలడు.

ఇక సొంతవాడకాలు. గల్లాపెట్టెలోనుండి కూరగాయలకు, పిల్లల ఫీజులకు తీసిన సొమ్మును ఏ యంత్రమూ చూడలేదు. అది వ్రాయకపోతే నగదు నిల్వ తప్పుతుంది. తప్పిన నిల్వను సరిపెట్టడానికి ఏదో ఒక ఖర్చు కల్పించవలసి వస్తుంది. పాతకాలపు వర్తకుడు దుకాణం కట్టేముందు నగదు లెక్కించి చిట్టాతో పోల్చుకొనేవాడు. ఆ పని నేటికీ పది పదిహేను నిమిషాలదే. తీరిక లేదనే మాట నాకు అంత సమంజసంగా తోచదు.

లెక్కల నకలును వేరొక డిస్కులో భద్రపరచడం కూడా యజమాని బాధ్యతే. సంబంధిత సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలపాటు లెక్కలు నిలిపి ఉంచవలెనని వస్తు సేవల పన్ను చట్టం నిర్దేశిస్తున్నది. ఆ నకలు దుకాణంలోని కంప్యూటర్ ప్రక్కనే కాక ఇంటివద్ద ఉండడం మేలు.