గుంట మనది, రొయ్య మనది.. చదువుకి కప్పం ఎవరికి?

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు. 1994లో ఈ తీరం రొయ్యల గుంటల్ని తెల్లమచ్చ తెగులు ఊడ్చేసింది. పొలం కుదువబెట్టి గుంట తవ్విన రైతు రోడ్డున పడ్డాడు. ఆ తెగులు మీద పరిశోధనలు జరగలేదా? జరిగాయి. మన పన్నులతో, మన విశ్వవిద్యాలయాల్లోనూ జరిగాయి. మరి అవి ఎక్కడున్నాయి? చాలావరకు విదేశీ కంపెనీల జర్నళ్లలో, తాళం వేసి!

ఈ వ్యాపారం తీరు చూడండి. పరిశోధకుడికి జీతమిచ్చేది ప్రభుత్వం. వ్యాసం రాసినందుకు కంపెనీ పైసా ఇవ్వదు. అందులో తప్పొప్పులు చూసే ప్రొఫెసరూ ఊరికే చూసిపెడతాడు. అచ్చయ్యాక అదే వ్యాసాన్ని అదే విశ్వవిద్యాలయం డాలర్లు పోసి కొనుక్కోవాలి. గొడ్డు మనది, మేత మనది, పాలు మాత్రం వాడి దగ్గర కొనాలి! కంపెనీ ధర పెంచకపోయినా రూపాయి పడితే బిల్లు పెరుగుతుంది. కావాల్సిన ఒక్కటి అడిగితే అక్కర్లేని పదింటిని కట్టగట్టి అంటగడతారు. రొయ్యల సాగు చదువుకునేవాళ్లకి తప్పనిసరైన 'ఆక్వాకల్చర్' జర్నల్ ఎల్సెవియర్‌ది. 2023లో ఈ జర్నళ్ల విభాగం వంద రూపాయల అమ్మకంలో దాదాపు 38 మిగుల్చుకుంది. ఏ రొయ్యల రైతు కళ్లజూశాడు అంత లాభం?

పేదోళ్ల ఏడుపు అనుకునేరు. ఏడాదికి 37.5 లక్షల డాలర్ల ఈ భారం మోయలేమని 2012లో హార్వర్డ్ అధ్యాపకుల మండలే చెప్పింది. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎల్సెవియర్ చందానే వదులుకుంది. 2021లో కొత్త షరతులతో ఒప్పందం కుదిరింది.

మన ఢిల్లీ? 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అంది. 30 సంస్థలు, 13 వేల జర్నళ్లు, మూడేళ్లకి 6 వేల కోట్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు తలుపు తెరిచింది. మంచిదే, కాదనం. ప్రైవేటు కాలేజీ పిల్లలు మాత్రం బయటే. నెల్లూరులో ఎక్కువమంది ఎక్కడ చదువుతున్నారో చెప్పాలా? గట్టు మీది రైతూ బయటే. దొడ్డిదారిగా ఉన్న సై-హబ్‌నీ 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆపించింది. 2027తో ఈ మూడేళ్లూ అయిపోతాయి. కంపెనీ అప్పుడు ఎంత అడుగుతుంది?

విద్యార్థులారా, ఒక్క మాట అడగండి. ప్రభుత్వ జీతంతో రాసిన ప్రతి వ్యాసం చివరి రాతప్రతిని విశ్వవిద్యాలయం తన వెబ్‌సైట్లో, తెలుగు సారాంశంతో, అందరికీ ఉచితంగా పెట్టాలి. కొంత గడువు తర్వాత దీనికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. ముందు అక్కడ అడుగుదాం. ఉద్యోగ సంఘాల సోదరులూ, మీరూ రండి.