చలువపెట్టెకు నల్లా కలపను

నెల రోజులుగా మా ఇంట్లో ఒక వివాదం నడుస్తున్నది. ఒక పక్షాన మా అబ్బాయి, వాడికి వత్తాసుగా మా ప్లంబరు. రెండవ పక్షాన నేనొక్కడినే. మా ఇంటావిడ ఏ పక్షమో ఇంతవరకు ప్రకటించలేదు. ఫోనులో మావాడితో ఎన్నడూ సగానికి మించి చెప్పలేకపోయిన నా వాదాన్ని ఇక్కడ పూర్తిగా పెడుతున్నాను. బ్లాగ్మిత్రులలో ఇటువంటి యంత్రాన్ని కొన్నవారు, కొనదలచినవారు ఉండకపోరు. వారికి నా మాట కటువుగా తోచవచ్చు. తోచినా చివరిదాకా చదవండి, ఆపైన వ్యాఖ్యలలో ఎంత ఖండించినా స్వీకరిస్తాను.

డల్లాసులో ఉండే మావాడు వేసవికి ముందు వచ్చినప్పుడు మా పాత ఫ్రిజ్‌ను తీసివేయించి (శీర్షికలో చలువపెట్టె అన్నది పండితుడి చాపల్యం, ఇంట్లో నేనూ ఫ్రిజ్ అనే అంటాను) బీరువా అంత కొత్తది కొనిపెట్టాడు. దాని తలుపులోనే ఒక గూడు ఉన్నది. అక్కడ గ్లాసు ఆనిస్తే చల్లని నీళ్లు పడతాయి, మీట మారిస్తే మంచుముక్కలు రాలుతాయి. నీళ్లు మనం పోయనక్కరలేదు. వెనుక నుండి పావు అంగుళపు సన్నని గొట్టం ఒకటి తీసి ఇంటి నీటి లైనుకు కలిపితే అదే తాగి, అదే వడకట్టి, అదే చల్లార్చి ఇస్తుందట. "బాపూ, అమ్మకు ఇక సీసాలు నింపే పని తప్పింది" అన్నాడు మావాడు. తల్లి కష్టం తలచుకొని కొన్నాడు, అందుకు నాకు సంతోషమే. ఫ్రిజ్ మీద నాకు ద్వేషమూ లేదు. మా ఇంటావిడ ఇన్సులిన్ దానిలోనే ఉంటుంది, రోహిణి కార్తెలో మజ్జిగ విలువ నాకు తెలియనిదీ కాదు. నా పేచీ అంతా ఆ పావు అంగుళపు గొట్టంతోనే.

మా ఇంటి నీటి వ్యవస్థ చెప్పకపోతే తక్కిన కథ అర్థం కాదు. మిద్దె మీది ట్యాంకు బోరు నీళ్లతో నిండుతుంది. ఆ నీళ్లు స్నానానికి, బట్టలకు, గిన్నెలకు. వాటితో కందిపప్పు ఉడకదు, కాచిన గిన్నె అడుగున సున్నపు పెచ్చు కడుతుంది. తాగే నీళ్లు వేరు. వాకిట్లో నల్లా ఉన్నది. అది దినం విడిచి దినం తెల్లవారుజామున గంటసేపు వస్తుంది. ఆ గంటలో బిందెలు, రంజను, డ్రమ్ము నింపుకుంటాము. ఆ నల్లా నీరు తనంతట తాను మిద్దె ఎక్కదు. వాకిట్లో మోకాలి ఎత్తుకు వస్తే అదే పదివేలు.

మావాడు విమానం ఎక్కేలోగా పని కావాలని మా ప్లంబరు ముందుగా ఆ గొట్టాన్ని మిద్దె ట్యాంకు లైనుకే కలిపాడు. (అతడు బడిలో నా దగ్గర చదువుకున్నవాడే, సంధులు ఏనాడూ ఒంటపట్టలేదు గాని గొట్టాలు కలపడంలో మొనగాడు.) గ్లాసు ఆనిస్తే నీరు జిల్లేడు పాలవలె బొట్లు బొట్లుగా పడింది. మంచుముక్కలు లోపల డొల్లగా పల్చని పెంకుల్లా వచ్చాయి. మూడవ రోజు తెల్లవారేసరికి వంటగది అంతా తడి.

యంత్రం చెడిపోయిందని దుకాణం వాళ్లకు ఫోను చేసేముందు, వెంట వచ్చిన పుస్తకాన్ని కళ్లజోడు తుడుచుకొని మరీ చదివాను. ఆ గొట్టంలో నీటి ఒత్తిడి చదరపు అంగుళానికి 20 నుండి 120 పౌండ్ల మధ్య ఉండాలని అందులో స్పష్టంగా ఉన్నది. ఇక లెక్క తెలుగు పండితుడైనా వేయగలడు. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు ఇచ్చే ఒత్తిడి సుమారు 14 పౌండ్లు. మా ట్యాంకు ఆ గొట్టానికి నాలుగు మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే వచ్చేది ఆరు పౌండ్ల లోపే. 20 కావాలంటే ట్యాంకు 14 మీటర్ల పైన ఉండాలి, అంటే ఒక్క మిద్దె మీద ఇంకో మూడు నాలుగు మిద్దెలు లేపాలి. పైగా ఆ లోపలి వాల్వు గట్టిగా మూసుకోవడానికి కూడా వెనుక నుండి నీటి ఒత్తిడి కావాలట. ఒత్తిడి చాలకపోతే సగం మూసుకొని కారుతూ ఉంటుంది. వంటగది తడి రహస్యం అదీ.

అప్పుడు మా ప్లంబరు అసలు ఉపాయం బయటపెట్టాడు. "సార్, బోరు నీళ్లు దీనికి పనికిరావు. మిద్దె మీద వేరే చిన్న ట్యాంకు వెడ్దాం. నల్లాకే మోటర్ బిగిస్త, గంటల నిండుతది. ట్యాంకు కింద ఇంకో ప్రెషర్ పంపు వెడితె మీ ఫ్రిజ్‌కు తిరుగులేదు. మన గల్లీల ఇప్పటికి నలుగురు వెట్టిన్రు సార్, నేనే బిగించిన."

నేనే బిగించిన అని అతడు గర్వంగా చెప్పిన ఆ నాలుగు మోటర్ల సంగతి నాకు తెలియనిది కాదు. తెల్లవారుజామున నల్లా వచ్చిన పది నిమిషాలకు అవి ఒకటొకటిగా మొదలవుతాయి. ఆ హోరుకే నాకు మెలకువ వస్తుంది. మా గల్లీ చివర, పైపు ఆఖరున ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. వరుసకు కాదు గాని అందరమూ చిన్నమ్మ అని పిలుస్తాము. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసి పోయాడు. నాలుగు మోటర్లూ తిరుగుతున్నంతసేపు ఆమె నల్లాలో నీటికి బదులు బుస్సుమని గాలి వస్తుంది. మోటర్లు ఆగాక మిగిలిన పావుగంటలో ఆమెకు దక్కేది రెండు బిందెలు. కొన్ని దినాలు అవీ దక్కవు. అప్పుడు బిందె చంకన పెట్టుకొని మా వాకిట్లోకి వస్తుంది. "సారూ, మీ నల్లా నడుస్తున్నదా" అని అడిగే ఆ గొంతులో యాచన ఉండకూడదు కదా? ఆ నీరు ఆమెది. ఆమె ఇంటికీ అదే పైపు వేశారు.

ఐదవ మోటరు నాదై, అదీ ఒక మంచుముక్క కోసమై, ఆ పావుగంట కూడా పోతే, రేపు ఆమె నా వాకిటికే ఎట్లా వస్తుంది?

మావాడు ఫోనులో రెండు సమాధానాలు చెప్పాడు. అందరూ పెట్టుకున్నారు కదా అన్నది మొదటిది. దానికి ప్రత్యుత్తరం రాయడం కూడా దండుగ. రెండవది, బిల్లు కడుతున్నాం కదా, మన నల్లా మన ఇష్టం అన్నది. ఇక్కడే చదువుకున్నవాళ్లు పొరబడుతున్నారు. నల్లా మనదే గాని పైపులోని నీరు మనది కాదు. మిషన్ భగీరథ పథకాన్ని 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర ప్రారంభించినప్పటి లెక్క ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలలో 135, కార్పొరేషన్లలో 150. ఆ లెక్క మనిషికి వేశారు, మోటరుకు వేయలేదు. హైదరాబాదు జలమండలి 2025 ఏప్రిల్‌లో నల్లాలకు బిగించిన మోటర్లను వెతికి పట్టుకొని, జప్తు చేసి, 5000 రూపాయల జరిమానా వేసే కార్యక్రమాన్ని చేపట్టింది. మహానగరంలో నేరమైనది మందమర్రి గల్లీలో ఉపాయం ఎట్లా అవుతుంది?

న్యాయం మాట అటుంచి, ఆరోగ్యం మాట వినండి. పైపులో నీరు నిండుగా ఒత్తిడితో ప్రవహిస్తున్నంతసేపు ఎక్కడైనా చిల్లి ఉంటే లోపలి నీరే బయటికి చిమ్ముతుంది. మోటరు గుంజడం మొదలుపెట్టగానే వ్యవహారం తలకిందులవుతుంది. లోపల ఒత్తిడి బయటికన్నా తగ్గిపోతుంది, ఆ చిల్లుల గుండా బయటి మురుగు లోపలికి వస్తుంది. మన గల్లీలలో నీటిపైపు మోరీ పక్కనుండి, ఒక్కోచోట మోరీలోనుండే పోతుందని నేను వేరే చెప్పాలా! ఫ్రిజ్ ఉన్నవాడు ఆ నీటిని తన వడపోతలో నమ్మకంగా తాగుతాడు. వడపోత లేని ఇంటివారు అదే నీటిని ఊరికే తాగుతారు.

ఆ వడపోత కథ కూడా కొంచెం చెప్పాలి. దానిలో ఉండేది ముఖ్యంగా బొగ్గు. మా ఊరి బొగ్గు కాదు, వేరే విధంగా తయారుచేసినది. క్లోరిన్ వాసనను, రుచిని తీసివేస్తుంది, నలకలను పడుతుంది. నీటిలో కరిగిన లవణాలను, ఫ్లోరైడును అది తీయదు. ఆరు నెలలకొకసారి మార్చాలి. మరి ఆర్వో పెట్టి దాని నుండి ఇద్దామంటే అది అసలే ఉన్న ఒత్తిడిని ఇంకా తగ్గిస్తుంది, లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు మోరీకి పంపుతుంది. చివరికి మావాడు ఇంకో మార్గం చెప్పాడు: ఇరవై లీటర్ల క్యాను కొని ఫ్రిజ్ వెనుక పెట్టి, చిన్న పంపుతో ఎక్కించవచ్చునట. క్యాను మోసేది నేనే కదా నాయనా! ఆ మోసేదేదో నాలుగు సీసాలు మోస్తే సరిపోదా?

యంత్రం తప్పు అని నేను అనడం లేదు. అది ఒక మాట మీద నమ్మకంతో తయారైనది. ఇరవైనాలుగు గంటలూ నీరు నిండుగా, శుభ్రంగా, ఒత్తిడితో వస్తుందని ఊరు ఇచ్చిన మాట అది. మావాడు ఉండే చోట ఆ మాట ఉన్నది. మన దేశంలోనూ 2021 జూలైలో పూరీ పట్టణం నల్లా నుండి నేరుగా తాగే నీటిని రాత్రింబగళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అటువంటి ఊళ్లో ఆ గొట్టం ఎవరి నోటినుండీ నీరు లాక్కోదు. ఆ మాట లేని ఊళ్లో అదే గొట్టం మోటరును అడుగుతుంది, మోటరు పక్కింటి బిందెను అడుగుతుంది. అమ్మేవారు మాత్రం రంగు ఏది కావాలని అడిగారు, వాయిదాలెన్ని అని అడిగారు. మీ ఊళ్లో నల్లా ఎంతసేపు వస్తుందని ఒక్కరూ అడగలేదు.

నాకు సమ్మతమైన దారి ఒకటున్నది. వాకిట్లో సంపు తవ్వించి, నల్లా తన వేగాన తాను నింపితే, ఆ సంపు నుండి ఎంత పెద్ద మోటరు పెట్టుకున్నా అది పైపును గుంజదు. సంపును మరీ లోతుకు తవ్వి పల్లానికి నీరంతా మళ్లించుకునే ఘనులూ లేకపోలేదు, వారి సంగతి వేరే టపాకు తగినది. మా వాకిలి పది అడుగులు. దానిలో వేపచెట్టు ఒకటి. సంపుకు చోటు లేదు, చెట్టు కొట్టను.

మా ప్రాంతం భాషలో ఒక విశేషం ఉన్నది. చేదబావినీ బాయి అంటాము, బొగ్గుగనినీ బాయి అంటాము. మా నాయన దిగింది రెండవ బాయి. పంపులు ఆగితే గని మునుగుతుంది గనుక భూమి లోపల నీటిని రాత్రింబగళ్లు తోడుతూనే ఉండాలి. అలా తోడిన నీటిని వడకట్టి కార్మికుల కాలనీలకు ఇవ్వడం సింగరేణిలో ఉన్న పద్ధతే. వందలాది కుటుంబాలు ఒకే నీటిని పంచుకొని బతికిన ఊరు ఇది. నల్లా దగ్గర కొట్లాటలు అప్పుడూ ఉండేవి, జుట్లు పట్టుకున్న సందర్భాలూ నేను చూశాను. కాని వరుస తప్పినవాడిని ముఖం మీదే అడిగేవారు. ఇప్పుడు వరుస తప్పడం గోడ లోపల మోటరు రూపంలో జరుగుతున్నది గనుక అడగడానికి ముఖం కనబడదు. నేను అడిగాను. నలుగురిలో ఇద్దరు నా దగ్గర చదివినవారే. ఒకడు "చూద్దాం సార్" అన్నాడు. ఇంకొకడు ఆ రోజు నుండి నేను ఎదురుపడితే ఫోను చూసుకుంటూ పోతున్నాడు.

ప్రస్తుతానికి గొట్టం చివర ప్లాస్టిక్ మూత బిగించి ఉన్నది. తలుపులోని గూట్లో మా ఇంటావిడ చిల్లర, మాత్రల చీటీ పెడుతున్నది. ఫ్రిజ్ లోపల మూడు సీసాలు, ఇన్సులిన్, మజ్జిగ. మావాడు ఆదివారం మళ్లీ ఫోను చేస్తాడు. రేపు నల్లా వచ్చే దినం, బిందెలు తోమి వాకిట్లో పెట్టాలి. ఉంటాను.