నష్టం మాటలే ముందు నేర్చుకోండి

క్రిప్టో వైపు కొత్తగా వచ్చేవారి చెవిన మొదట పడేవి 'బుల్ రన్', 'హోడ్ల్', 'టు ద మూన్' వంటి ఊరించే మాటలు. లెవరేజ్, లిక్విడేషన్, ప్రైవేట్ కీ, టీడీఎస్ అంటే ఏమిటో చేతులు కాలాక గానీ తెలియదు. ఈ వరుస తిరగబడాలి. పది రెట్ల లెవరేజ్ సంగతే చూడండి. చేతిలో ఉన్నది 10,000 రూపాయలు, దాన్ని మార్జిన్‌గా పెట్టి పందెం కాసింది లక్ష మీద. ధర పది శాతం పడేలోపే ఎక్స్ఛేంజీ ఆ కొనుగోలును తనంతట తానే అమ్మేస్తుంది. అదే లిక్విడేషన్. మర్నాడు ధర లేచి కూర్చున్నా ఆ 10,000 తిరిగి రావు. బిట్‌కాయిన్‌కు పది శాతం ఓ లెక్కా? 2020 మార్చి 12న ఒక్కరోజులోనే మూడో వంతుకు పైగా పడిపోయింది.

షేర్ మార్కెట్‌లోనూ లెవరేజ్ లాంటి మాటలున్నాయి, దిగితే అవే వస్తాయి అంటారు కొందరు. మాటలు ఉన్నమాట నిజమే, రక్షణ మాత్రం ఒకటి కాదు. షేర్లు మన పేరున డిపాజిటరీలో ఉంటాయి, పైన నియంత్రణ సంస్థ సెబీ ఉంటుంది. ఎక్స్ఛేంజీలో వదిలేసిన కాయిన్ల ప్రైవేట్ కీ, అంటే వాటిని కదిలించే రహస్య తాళం, మన దగ్గర ఉండదు. 2024 జులైలో క్రిప్టో ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లను హ్యాకర్లు దోచుకున్నాక, ఖాతాలో ఉన్న కాయిన్లను బయటికి తీసుకోలేక జనం నెలల తరబడి ఎదురుచూశారు. పోనీ సొంత వాలెట్ అంటే దాన్ని తిరిగి తెరిచే సీడ్ ఫ్రేజ్ భారం మనదే. ఆ 12 లేదా 24 పదాలు పోగొట్టుకుంటే మొరపెట్టుకోవడానికి కస్టమర్ కేర్ ఉండదు.

ప్రభుత్వమే పన్ను వేస్తోంది కదా, ఇక భయమేమిటన్నది మరో వాదన. సిగరెట్ మీదా పన్ను ఉంది. పన్ను వేసినంత మాత్రాన సర్కారు పూచీ పడినట్టు కాదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, నష్టాన్ని అందులో సర్దుబాటు చేసుకునే వీలు లేదు. ఒక కాయిన్‌లో 50,000 వచ్చి, మరోదాంట్లో 50,000 పోతే మిగిలింది సున్నా. అయినా సెస్సుతో కలిపి 15,600 కట్టాలి. పరిమితి దాటిన అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ కోత పడేది కూడా లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. ఈ లెక్క కాగితం మీద సొంతంగా వేసుకోలేనివారు ఇప్పట్లో కొనకపోవడమే మంచిది.