వెనక పాడిందెవరో!

భర్త పోయిన తల్లి, అయిదుగురు పిల్లలు, రంగురంగుల బస్సు, ఊరూరా పాటకచేరీలు... అమెరికాలో 1970 నుంచి 1974 దాకా ఏబీసీ టీవీలో వచ్చిన ‘పార్ట్‌రిడ్జ్ ఫ్యామిలీ’ కథ ఇదే. 1972లో వాళ్ల హిట్ పాటలన్నీ కలిపి ఓ ఆల్బమ్ వేశారు.

అందులో ‘కుటుంబం’ గొంతులు రెండే సుమండీ! తల్లి వేషం వేసిన షర్లీ జోన్స్, పెద్దకొడుకు డేవిడ్ కాసిడీ. మిగతా పిల్లలది ఉత్త నటన. వంత పాడింది రాన్ హిక్లిన్, జాకీ వార్డ్ లాంటి స్టూడియో గాయకులు. వండేదొకరు, వడ్డించి పేరు కొట్టేసేది ఇంకొకరు, మనకి తెలియనిదా!

అన్నట్టు, నిజజీవితంలో షర్లీ డేవిడ్‌కి సవతితల్లి. అయినా అబ్బాయి ముందు పాడితే ఆవిడ వెనక గొంతు కలిపింది. 1970లో అక్కడ మొదటి స్థానానికెక్కిన ‘ఐ థింక్ ఐ లవ్ యూ’ దొరికితే, ఆ వెనక గొంతుల్ని ఓసారి చెవొగ్గి వినండి.