పుట్టుకకు మార్కులేసేదెవరు?

ఆటే కదా, దాని మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటారు. ఆటే. కాని ఆ ఆటలో కూచోగానే అడిగేది నీ జాతేమిటని.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' గురించే మేం మాట్లాడుతున్నాం. బల్ల చుట్టూ నలుగురు కూచుని పాచికలేస్తూ కథ నడుపుతారు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. పాత్రకో జాతి: మనిషి, ఎల్ఫ్, ఓర్క్... చాలా ఏళ్లు ఆ జాతిని బట్టే బలానికీ తెలివికీ అంకెలు పడేవి. 2016 నాటి ఒక పుస్తకం ఓర్క్‌కి బలంలో రెండు కలిపి, తెలివిలో రెండు కోసేసింది. 2014 పుస్తకంలో ఓర్క్ రక్తం సగం ఉన్న 'హాఫ్ ఓర్క్'కి బెదిరించే విద్య పుట్టుకతోనే వస్తుంది. ఆకలి నేర్పనక్కర్లేదు, అవమానం నేర్పనక్కర్లేదు. రక్తమే నేర్పుతుంది!

ఈ లెక్క మాకు కొత్తేం కాదు. మా పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదనే వాళ్ల దగ్గరా ఇలాంటి పట్టికే ఉంటుంది. పాచికలు మాత్రం కనపడవు.

ఓర్కుల వర్ణన నిజమైన జాతుల మీద వేసిన నిందల్ని గుర్తుచేస్తోందని 2020లో కంపెనీ ఒప్పుకుంది. తెలివి కోత ఎత్తేసింది. 2024 పుస్తకంలో 'రేస్' మాట పోయి 'స్పీషీస్' వచ్చింది. అంకెలు పుట్టుకను వదిలి పెరిగిన నేపథ్యానికి ముడిపడ్డాయి. మంచిదే. కాని అదే పుస్తకంలోంచి హాఫ్ ఓర్క్, హాఫ్ ఎల్ఫ్ కూడా మాయమయ్యారు. రెండిళ్ల బిడ్డను గడప దాటించి ఇల్లు శుభ్రమైందంటే ఎలా? ఉర్దూ వాళ్ల దగ్గర తెలుగోళ్లం, తెలుగు వాళ్ల దగ్గర తురకోళ్లం అనిపించుకున్న మాకు ఇది న్యాయంగా తోచదు.

1992లో ఇదే ఆటకి 'అల్-ఖాదిమ్' అని అరేబియా కథల లోకమొకటి కట్టారు. సుల్తానులు, జిన్నులు, ఖలీఫా అందరూ ఉన్నారు. దేవుళ్లు మాత్రం బోలెడుమంది! తలపాగా తీసుకుని కలిమా వదిలేశారన్నమాట. అయినా ఆ లోకంలో ఓర్కులు, గోబ్లిన్లు అందరితోపాటు పట్నాల్లో బతికే పౌరులే. అంటే దారి అప్పుడే తెలుసు.

సొంత జాతిని తయారుచేసుకునే పద్ధతి 2014 నాటి కథకుల పుస్తకంలోనే ఉంది. ఆ పని చేసే కుర్రాళ్లకు మా మాట ఇది. చీకట్లో చూపు, నీళ్లలో ఊపిరి - ఒంటికి సంబంధించినవి ఎన్నైనా రాయండి. స్వభావం గడి మాత్రం ఖాళీగా ఉంచండి, ఆడేవాడు నింపుకుంటాడు. ఆ జాతిలో ఒకరి మాట ఒకరికి గిట్టని రెండు వీధులు పెట్టండి. అప్పు ఎగ్గొట్టేవాడు, పాటలు కట్టేవాడు, దేవుణ్ణి నమ్మనివాడు ఉండాలి. మాలోనే దూదేకులకీ సయ్యదులకీ మధ్య ఎంత దూరముందో చూసినవాళ్లు 'ముస్లిములంతా ఇంతే' అని ఒక్క వాక్యంలో రాయలేరు.

మరి యుద్ధం ఎవరితో చెయ్యాలంటారా? ఊరు తగలబెట్టినవాడితో చెయ్యండి. అయితే వాడెందుకు తగలబెట్టాడో, అంతకుముందు చెరువు ఎవరిదో, ఎవరు లాక్కున్నారో కథ చెప్పేవాడు కూచుని ఆలోచించాలి. ఆ శ్రమ పడలేకే 'వాళ్ల రక్తం అంతే' అని రాసేసి పాచికలు తీస్తున్నారు.