దూరం చెప్పే వయసు

ఖరీఫ్ కాలంలో విజయవాడ నుండి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా అవనిగడ్డ వైపు ఒక్క పూటలో ప్రయాణించేవారు ఒక విషయం గమనించే ఉంటారు. ప్రకాశం బ్యారేజీకి చేరువలో, కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీరు ముందుగా అందుతుంది. అక్కడ నాట్లు ముందుగా పడతాయి. శివారు భూములకు నీరు చేరేసరికి రోజులు, ఒక్కో ఏడు వారాలు గడిచిపోతాయి. అందువల్ల ఎగువన పైరు పిలకలు తొడిగి ఏపుగా నిలిచిన రోజునే దిగువన అప్పుడే నాటిన మళ్ళు, ఇంకా దిగువన నారుమళ్ళు కనిపిస్తాయి. ఒక వరి మొక్క ఎదుగుదలను ఆసాంతం చూడాలంటే నెలల తరబడి గట్టున కూర్చోవాలి. ఈ ప్రయాణికుడు మాత్రం ఆ దశలను దూరాన్ని బట్టి ఒక్క రోజులోనే చూడగలుగుతాడు.

గెలాక్సీల పుట్టుకను, పరిణామాన్ని పరిశోధించే ఖగోళ శాస్త్రజ్ఞుల మార్గం కూడా ఇటువంటిదే. గెలాక్సీ అంటే గురుత్వాకర్షణ చేత కూడి ఉన్న నక్షత్రాలు, వాయువు, ధూళి కలిసిన మహాసమూహం. మన సూర్యుడు ఉన్న పాలపుంతలో 10,000 కోట్లకు పైగా నక్షత్రాలు ఉన్నాయి. దాని కేంద్రం చుట్టూ సూర్యుడు ఒక్కసారి తిరగడానికే 20 కోట్ల సంవత్సరాలకు మించి పడుతుంది. అటువంటి దాని ఎదుగుదలను ఏ మనిషీ తన జీవితకాలంలో చూడజాలడు.

ఈ సంగతిని ఈ నెల ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. దూర గెలాక్సీల వార్తలు ఇప్పుడు మన ఇళ్ళలోని సెల్‌ఫోన్ల దాకా వస్తున్నాయి. ఒక సందేశం ‘విజ్ఞాన శాస్త్రం కుప్పకూలింది’ అంటుంది. మరొకటి ‘ఇది మన గ్రంథంలో ముందే ఉంది, ఇదిగో రుజువు’ అంటుంది. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలు రెండింటినీ పెద్దల ముందు పెట్టి, ఏది నిజమని అడుగుతారు. వారికి జవాబు చెప్పబోయే ముందు ఆ వార్త ఏ విధంగా తయారవుతుందో తెలుసుకోవడం మన బాధ్యత.

కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సూర్యుని వెలుగు మనను చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. మనకు దగ్గరలో ఉన్న పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడా నుండి బయలుదేరిన వెలుగు మనను చేరడానికి దాదాపు 25 లక్షల సంవత్సరాలు పడుతుంది. అంటే ఈ రాత్రి మనం చూసేది 25 లక్షల సంవత్సరాల నాటి ఆండ్రోమెడాను. ఎంత దూరం చూస్తే అంత పాత కాలం కనిపిస్తుంది. శివారు పొలంలో పైరు లేతగా ఉన్నట్లే, దూరపు గెలాక్సీలు మనకు తమ లేత వయసులో దర్శనమిస్తాయి.

నవంబరు, డిసెంబరు నెలలలో, చంద్రుడు లేని రాత్రి, ఇషా నమాజు తరువాత దివిసీమ పల్లెలలో విద్యుద్దీపాలకు దూరంగా నిలబడి నడినెత్తికి కొంచెం ఉత్తరంగా చూస్తే ఈ గెలాక్సీ మసక మరకలా కంటికి కనిపిస్తుంది. విజయవాడ నగరపు వెలుగులలో అది కనబడదు. మనకు లభిస్తున్న రచనలలో దీనిని మొదట నమోదు చేసినది అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ. రయ్ పట్టణంలో జన్మించిన ఆ పారశీక విద్వాంసుడు సుమారు 964లో రచించిన నక్షత్ర గ్రంథంలో, ఒక చేప బొమ్మ నోటి దగ్గర చుక్కలు పెట్టి, అక్కడ మేఘం వంటి మరక ఉన్నదని వ్రాశారు.

ఆ మరక ఏమిటో తేలడానికి మరి తొమ్మిదిన్నర శతాబ్దాలు పట్టింది. అమెరికాలో హెన్రియెట్టా లెవిట్ అనే పరిశోధకురాలు కొన్ని నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా హెచ్చుతగ్గులవుతుందనీ, ఆ మార్పుకు పట్టే కాలాన్ని బట్టి వాటి అసలు ప్రకాశం తెలుస్తుందనీ 1912లో చూపారు. అసలు ప్రకాశం తెలిస్తే, మనకు కనిపించే ప్రకాశంతో పోల్చి దూరం లెక్కకట్టవచ్చు. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో అటువంటి నక్షత్రాన్ని కనుగొన్నారు. దానితో ఆ మరక పాలపుంత వెలుపల ఉన్న మరొక గెలాక్సీ అని రుజువైంది. ఆయన తొలి లెక్కలో దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. తరువాతి వారు కొలమానాన్ని సవరిస్తూ పోగా అది 25 లక్షల దగ్గర స్థిరపడింది. మూల నిర్ణయం నిలిచింది, కొలత మారింది.

మరీ దూరపు గెలాక్సీలలో విడి నక్షత్రాలు కనిపించవు. అక్కడ వర్ణపటం సాక్ష్యం చెబుతుంది. గెలాక్సీ వెలుగును రంగులుగా విడదీస్తే అందులో హైడ్రోజన్, ఆక్సిజన్ వంటి మూలకాల గుర్తులు సన్నని గీతలుగా కనిపిస్తాయి. ప్రతి గీతకు ప్రయోగశాలలో కొలిచిన స్థానం ఒకటి ఉంది. విశ్వం విస్తరిస్తున్నందున, సుదీర్ఘ ప్రయాణంలో కాంతి తరంగాలు సాగి, ఆ గీతలు ఎరుపు వైపుకు జరుగుతాయి. ఎన్ని రెట్లు సాగాయో కొలిస్తే ఆ వెలుగు ఏ కాలంలో బయలుదేరిందో తెలుస్తుంది. గెలాక్సీ వయసును చెప్పే అసలు పత్రం ఇదే.

ఈ విద్యలో మన తెలుగు నేలకు కూడా భాగం ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో ఒక వేధశాలను స్థాపించారు. 15 అంగుళాల దూరదర్శినితో నిజామియా వేధశాలగా పేరు పొందిన ఆ సంస్థ, అంతర్జాతీయ నక్షత్ర పట నిర్మాణంలో తనకు కేటాయించిన ఆకాశ భాగంలోని లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్, రంగాపూర్ గ్రామాల వద్ద 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది.

అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన సాలేహ్ మహమ్మద్ అల్లాదీన్ గెలాక్సీల పరస్పర తాకిడిని జీవితకాల పరిశోధనగా స్వీకరించారు. 1963లో చికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందిన ఆయన, రెండు గెలాక్సీలు ఒకదానిగుండా మరొకటి దూసుకుపోతే ఏమవుతుందో గణితపరంగా విశ్లేషించిన వ్యాసాన్ని 1965లో ప్రకటించారు. నక్షత్రాల మధ్య ఎడం అపారం కనుక ఆ తాకిడిలో నక్షత్రాలు దాదాపు ఢీకొనవు. అయితే ఒక గెలాక్సీ ఆకర్షణ మరొక దానిలోని నక్షత్రాల గమనాన్ని కలచివేస్తుంది. గమనంలోని శక్తి లోపలి కదలికలలోకి మళ్ళుతుంది. ఆ నష్టం తగినంత ఉంటే రెండూ విడిపోలేక ఒక్కటవుతాయి. గెలాక్సీలు చిన్నవి చిన్నవి కలిసి పెద్దవిగా ఎదిగాయన్న నేటి అవగాహనలో ఇటువంటి లెక్కలకు ముఖ్యమైన స్థానం ఉంది. దూరదర్శిని ముందు గడిపే రాత్రులతో పాటు కాగితంపై చేసే లెక్క కూడా ఈ పరిశోధనలో భాగమేనని చెప్పడానికి ఆయన కృషి చక్కని ఉదాహరణ.

పుణె సమీపంలోని ఖోడద్ వద్ద 30 పెద్ద యాంటెన్నాలతో కూడిన రేడియో దూరదర్శిని ఉంది. నక్షత్రాలు పుట్టడానికి ముడిసరుకు హైడ్రోజన్ వాయువు; అది పంపే రేడియో సంకేతం దూర గెలాక్సీల నుండి వచ్చేసరికి మిక్కిలి బలహీనమవుతుంది. భారతీయ పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి చేర్చి సగటు తీశారు. ఒక్కొక్కటిగా వినిపించని స్వరం కలిపినపుడు వినిపించింది. 2020లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, సుమారు 800 కోట్ల సంవత్సరాల క్రితం గెలాక్సీలలో వాయువు సమృద్ధిగా ఉన్నప్పటికీ, నక్షత్రాలు పుడుతున్న వేగానికి అది 100 నుండి 200 కోట్ల సంవత్సరాలలో తరిగిపోయేది. బయటి నుండి కొత్త వాయువు తగినంత చేరకపోవడమే తరువాత నక్షత్రాల పుట్టుక తగ్గడానికి కారణమని వారు భావించారు. కాలువలో నీరు తగ్గితే పైరు గతి ఏమవుతుందో మన రైతుకు చెప్పనవసరం లేదు.

ఇక సుదూర శివారుకు వెళదాం. 1995 డిసెంబరులో హబుల్ దూరదర్శిని ఖాళీగా కనిపించే ఒక చిన్న ఆకాశపు ముక్కను పది రోజులు చిత్రీకరించగా అందులో సుమారు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ దూరదర్శిని, సాగి సాగి పరారుణ కిరణాలుగా మారిన ప్రాచీన కాంతిని పట్టగలదు. 2024లో ప్రకటించిన ఒక గెలాక్సీ కాంతి 15 రెట్లు సాగింది. 1,380 కోట్ల సంవత్సరాల విశ్వానికి అప్పటి వయసు 30 కోట్ల లోపే. అంత తొలినాళ్ళలోనే అది ఊహించిన దానికన్నా ప్రకాశవంతంగా ఉండడం, 2025లో అందులో ఆక్సిజన్ గుర్తు కూడా దొరకడం శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరిచింది. తొలి గెలాక్సీలు ఎంత వేగంగా ఎదిగాయన్న లెక్కలను వారు తిరిగి చూసుకుంటున్నారు. ‘కుప్పకూలింది’ అనే సందేశాలు పుట్టింది ఇక్కడి నుండే. లెక్కను సవరించడాన్ని కుప్పకూలడం అనరు; తొమ్మిది లక్షలు ఇరవై అయిదు లక్షలు అయినప్పుడు ఆండ్రోమెడా గెలాక్సీ కాకుండా పోలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన ఉదంతం మరొకటి ఉంది. 2022లో ఒక గెలాక్సీని దాని రంగులను బట్టి, విశ్వానికి 25 కోట్ల సంవత్సరాలైనా నిండని కాలానిదిగా అంచనా వేశారు. ఆ వార్త లోకమంతా పాకింది. 2023లో వర్ణపటం తీసి గీతలను కొలిచేసరికి అది అంత ప్రాచీనం కాదనీ, విశ్వానికి సుమారు 120 కోట్ల సంవత్సరాలు నిండిన నాటిదనీ తేలింది. ధూళి, వాయువుల ప్రత్యేక కాంతి కలిసి దాని రంగులను భ్రమింపజేశాయి. అదే పరీక్షలో ‘మైసీ’ అని పేరు పెట్టిన మరొక గెలాక్సీ మాత్రం నిలిచింది. అది విశ్వానికి దాదాపు 39 కోట్ల సంవత్సరాలు నిండిన నాటిదని నిర్ధారణ అయింది. శివారున కనిపించిన ప్రతి పచ్చని మడీ ఒకే వయసుది కాదు. ఒకరు బోరు నీటితో ముందే నాటి ఉంటారు, మరొకరు స్వల్పకాలిక వంగడం వేసి ఉంటారు. దిగి చూడనిదే చెప్పలేము.

హదీసు విద్య అభ్యసించినవారికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. ఒక ఉల్లేఖనం వినడానికి ఎంత ఇంపుగా ఉన్నా, దానిని చేరవేసినవారు ఎవరు, వారు ఒకరినొకరు కలుసుకున్నారా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది అని విచారించిన తరువాతనే హదీసువేత్తలు దానిని స్వీకరించారు. వేర్వేరు పరంపరల ద్వారా వచ్చినదానికి ఎక్కువ బలం ఇచ్చారు. బలహీనమైనదానిని బలహీనమని నిర్భయంగా వ్రాసిపెట్టారు. ఆ విద్య నేర్చుకున్న మనమే సెల్‌ఫోనులోని సందేశాన్ని విచారణ లేకుండా పదిమందికి పంపడం తగునా?

2022 నాటి ఆ వార్తను ధర్మగ్రంథానికి రుజువుగా పిల్లలకు చూపిన తండ్రి 2023లో ఏమని చెబుతాడు? మారే కొలతకు మారని విశ్వాసాన్ని కట్టివేస్తే, కొలత జరిగిన రోజున పిల్లవాడి మనసులో రెండూ కదులుతాయి. విశ్వాసానికి ఆ ఊతం అవసరం లేదు. విజ్ఞానానికి ఆ భారం తగదు.

అందుచేత పాఠక సోదరసోదరీమణులకు నా మనవి ఇది. ఇటువంటి వార్తతో పిల్లలు వచ్చినపుడు గదమాయించకండి, పొంగిపోకండి. వారితో కలిసి మూడు ప్రశ్నలు వేయండి. దూరాన్ని రంగులను బట్టి అంచనా వేశారా, వర్ణపటంతో కొలిచారా? మరొక బృందం, మరొక పరికరం దానిని ధ్రువపరిచిందా? అదే గుర్తుకు వేరొక వివరణ ఉండే అవకాశాన్ని పరిశీలించారా? ఈ ప్రశ్నలు వేయడం నేర్చిన పిల్లలు గెలాక్సీల విషయంలోనే కాక, ఇరుగుపొరుగు గురించి వచ్చే పుకార్ల విషయంలో కూడా తొందరపడరు.

అల్ సూఫీ తన కంటికి కనిపించినది మేఘం వంటి మరక అని మాత్రమే వ్రాశారు. దానికి తన ఊహను జోడించలేదు. అందువల్లనే వెయ్యేళ్ళు గడిచినా ఆ మాటను దిద్దవలసిన అవసరం ఎవరికీ రాలేదు.