అనుమానం తప్పు గోలీ మీద పడింది

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బీపీ గురించి ఒక నమ్మకం పాతుకుపోయింది. తల తిరిగినా, మెడ నరాలు గుంజినా బీపీ పెరిగినట్టు. ఒళ్లు తేలిగ్గా ఉంటే తగ్గినట్టు. బాగాలేని రోజున గోలీ వేసుకుంటారు, బాగున్న రోజున మానేస్తారు. ఈ లెక్క మొదట్లోనే తప్పు. బీపీ ఎక్కువమందిలో ఏ లక్షణమూ చూపించదు. ప్రపంచంలో ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నలుగురికి ఒకరు, మగవాళ్లలో ముగ్గురికి దాదాపు ఒకరు బీపీ ఎక్కువున్నవాళ్లో, దానికి మందు వాడుతున్నవాళ్లో. వీళ్లందరికీ తల తిరగడం లేదు. చాలామంది నాట్లు వేస్తున్నారు, పత్తి ఏరుతున్నారు, మట్టి మోస్తున్నారు. కష్టం చేసే ఒంటికి బీపీ రాదనే మాట కూడా అందుకే నిలవదు. చేలో పొద్దంతా చెమటోడ్చినా, సద్దిలో తొక్కు, ఇంట్లో పచ్చిపులుసు, పొద్దుగూకితే బీడీ, తాగుడు ఉన్నచోట ఆ శ్రమ ఒక్కటే కాపాడదు. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలి. అంటే చిన్న టీ చెంచాడు, అన్ని వంటలూ కలిపి.

ఈ ప్రాంతంలో ఒళ్లు చెప్పే మాట నమ్మకూడదనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎముకలవి. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, పెద్దవాళ్ల కీళ్లలో చేరిన నొప్పి పోలేదు. పాలమూరు కూలీకి నడుము నొప్పి. ఆర్‌ఎంపీ దగ్గరో, మెడికల్ షాపులోనో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి గోలీలు చీటీ లేకుండానే దొరుకుతాయి. ఇవి నొప్పిని తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతాయి. కొన్ని బీపీ మందుల పనినీ దెబ్బతీస్తాయి. రోజూ వాడితే కిడ్నీలను కూడా. నొప్పి తగ్గింది కాబట్టి మనిషికి హాయిగా ఉంటుంది, బీపీ మాత్రం లోపల పైకి పోతుంటుంది.

విషాదమేమిటంటే, కిడ్నీలు పాడవుతాయన్న భయం ఈ నొప్పి గోలీ మీద లేదు, బీపీ గోలీ మీద ఉంది. అదుపు తప్పిన బీపీయే కిడ్నీలను దెబ్బతీసే పెద్ద కారణాల్లో ఒకటి. టెల్మిసార్టాన్ వంటి మందును మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లకు కిడ్నీలను కాపాడటానికే డాక్టర్లు రాస్తారు. దానికీ రక్తపరీక్షలు అవసరం, నిజమే. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, అదీ నిజమే. అలాంటప్పుడు డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి. ఎవరికీ చెప్పకుండా మానేస్తే వాపు పోతుంది, పక్షవాతం ముప్పు మిగులుతుంది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి కదా అంటారు. చాలామందికి అవును. కానీ జీవితాంతం ఉండేది జబ్బు. గోలీ దాని వెంట వస్తుంది. కొలిస్తే నార్మల్ వచ్చిందంటే గోలీ పనిచేస్తోందని అర్థం, ఇక అక్కర్లేదని కాదు.

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనది. బొంబాయికో పుణెకో వలసపోయే కూలీ నెలనెలా ఊరి దవాఖానకు ఎలా రాగలడు? తప్పు అతని అవగాహనది కాదు. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల గోలీలు ఒకేసారి ఇవ్వాలి. వాటితోపాటు మందు పేరు, మోతాదు రాసిన చీటీ కూడా. ఆ ఏర్పాటు లేకుండా గోలీ ఎందుకు మానావని కూలీని మందలించే హక్కు ఎవరికీ లేదు.

బీపీ సంగతి చెప్పగలిగేది కొలత ఒక్కటే. కొలిచే ముందు అరగంట చాయ్, బీడీ వద్దు. అయిదు నిమిషాలు కుదురుగా, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒట్టి జబ్బకు, గుండె ఎత్తులో కట్టించుకోవాలి. మాట్లాడొద్దు. వేర్వేరు రోజుల్లో 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవాలి. ఈసారి నొప్పి గోలీల కోసం షాపు మెట్లెక్కే ముందు, దగ్గర్లోని పల్లె దవాఖానలో బీపీ చూపించుకోండి. ఏ నొప్పి గోలీలు వాడుతున్నారో అక్కడ దాచకుండా చెప్పండి.